పంకా కింద జాగ

సిద్దిపేట,
14 ఏప్రిల్ 1946

చిరంజీవి తమ్ముడు జకర్యాకు అక్క సుమిత్రమ్మ దీవించి రాయునది.

ఈ రోజు మట్టల ఆదివారం. గుడి నుంచి వచ్చి, చేతిలోని ఈతమట్ట గూట్లో పెట్టి, పొయ్యి కూడా ముట్టించకుండా కాగితం ముందేసుకున్నాను. మీ బావ కొట్టంలో ఉన్నాడు. ఆయన వచ్చేలోపు ఈ ఉత్తరం ముగిసి వడ్ల కాశయ్య భార్య కనకవ్వ చేతికి పోవాలి. నీకు రాస్తున్నానని తెలిస్తే ఈ పూట ఇంట్లో ఎవరూ అన్నం తినరు.

యుద్ధం అయిపోగానే ఏరోడ్రోం వర్కుషాపు నుంచి ఆయన్ని ఇంటికి పంపేశారు. నిన్నేమో బెంగుళూరు విమానాల కార్ఖానా ఉంచుకుంది. అందులో నీ తప్పు లేదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. తెలిసినంత మాత్రాన మింగుడు పడుతుందా? ఒక్కడు కూర్చునే విమానం తన చేతులతో చేసి, తానే ఎగిరి చూపిస్తానని పంతం పట్టి, మిషను కాంపౌండులోని పాత బండ్ల కొట్టంలో చేరాడు. తుక్కు బజారులో కొన్న ఇంజను, బండ్లు చేసే కాశయ్య ముక్కుకు చెక్కిన టేకు పంకా, చక్రాలకు తుమ్మకర్ర కాళ్ళు. గుడ్డంతా రెక్కలకే అయిపోయిందని నా పెండ్లి నాటి తెల్లచీరె కూడా తీసుకుని తోకకు అతికించాడు. అడిగే తీసుకున్నాడులే, అబద్ధం ఎందుకు? పోలీసు అమీన్ సాబు వచ్చి చుట్టూ తిరిగి చూసి, "ఎగిరినంక చెప్పున్రి, పర్మిషన్ సంగతి అప్పుడు చూద్దాం" అని నవ్వుకుంటూ పోయాడు.

నిన్న రైతు బుచ్చిరాములు మెట్టచెలకలో మీ బావ దాన్ని మొదటిసారి ఉరికించాడు. ఎగరడానికి కాదు, నేల మీదనే. కొంత దూరం పోయిందో లేదో పంకా కొన నేలకు తగిలి చెక్క లేచిపోయింది. "మట్టిపెల్ల తగిలింది, ఏం కాలె" అంటూ దిగి వచ్చాడు. సాయంత్రం చూస్తే, పంకాను రెండు దిక్కులా జానెడు కోసి పారేద్దామని కాశయ్యతో అంటున్నాడు.

నాకు భయంగా ఉంది జకర్యా. ఆయన ఒంటరిగా ఎగిరింది ఎన్నిసార్లు? యుద్ధం రోజుల్లో ఒక పైలటు దొర దయతలచి నేర్పిన నాలుగు పాఠాలే కదా. పంకా కోయడం మంచిదా కాదా? నువ్వు కార్ఖానాలో విమానాల కాళ్ళూ చక్రాలూ బిగించే ఖాతాలో పని చేస్తావు, నీకు తెలియాలి. జవాబు కాశయ్య ఇంటి పేరున రాయి. వాళ్ళ కనకవ్వ తెచ్చిస్తుంది.

మెదక్‌లో టీచరు ట్రైనింగు చదువుతున్న ప్రమీలాదేవి సంబంధం గురించి మళ్ళీ అడుగుతున్నాను. ఈసారి జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే లెక్క.

నీ మేలు కోరే అక్క,
సుమిత్రమ్మ


బెంగుళూరు,
20 ఏప్రిల్ 1946

అక్కకు జకర్యా వందనాలు.

ముందు పని మాట. పంకా కోయనివ్వకు. కోస్తే నేలకు తగలదు, నిజమే, కానీ లాగే బలం తగ్గుతుంది. బుచ్చిరాములు చెలక నాకు గుర్తుంది. పడమటి కొసన తాటివనం ఉందా లేదా? పంకా పొట్టిదైతే విమానం నేల విడుస్తుంది కానీ ఆ తాటిచెట్ల మీదికి లేవదు. ఆ చెట్లకు పోయి తగులుతుంది. బావకు ఈ మాట తెలియక కాదు. తొందరలో ఉన్న మనిషికి తెలిసిన మాట కూడా గుర్తురాదు.

పంకాను నిలువుగా తిప్పి, కింది కొనకూ నేలకూ నడుమ ఎంత జాగ ఉందో కొలిచి రాయి. జానెడైనా ఉండాలి. తక్కువ ఉంటే కాళ్ళు పొడుగు చేయాలి, లేదా పెద్ద చక్రాలు వేయాలి. కోయడం మాత్రం వద్దు.

ఇంకొక మాట, చనువుంది కాబట్టి రాస్తున్నాను. అసలు ఎగరనివ్వకు. నువ్వు గట్టిగా చెబితే బావ వింటాడు.

ఇక్కడ వేసవి అనే పేరే గానీ రాత్రి దుప్పటి కావాలి. రాగి ముద్ద నమలకుండా మింగాలట, నేను ఇంకా నములుతూనే ఉన్నానని ఖాతాలో అందరూ నవ్వుతారు. ప్రమీలాదేవి నాకంటే పొడుగని విన్నాను. ఈ సంగతి తేలేదాకా నా జవాబు లేనట్టే, ఒప్పుకున్నట్టు కాదు.

నీ తమ్ముడు,
జకర్యా


సిద్దిపేట,
28 ఏప్రిల్ 1946

జకర్యాకు దీవెనలు.

'నువ్వు చెబితే వింటాడు' అని రాశావు. పెండ్లి కానివాడివి, అలాగే అంటావు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగోది చూపిస్తే కుందేలునే మార్చమంటాడు.

మీ బావ నూనె కోసం సికిందరాబాదు పోయిన రోజు చూసి, నేనూ కాశయ్యా కొట్టంలోకి దూరాం. కాశయ్య బండిని కొలిచినట్టే కొలిచాడు. నిలబెట్టింది నిలబెట్టినట్టే, ఏదీ కదిలించకుండా. పంకాను నిలువు చేసి నా చెయ్యి కింద పెట్టమన్నాడు. వేళ్ళ కొసలు నేలకు ఆనితే మోచెయ్యి పంకా కొనకు తగిలింది. నిండు మూరెడు! "గొర్రెపిల్ల దూరిపోతది పంతులమ్మా, ఇంత జాగుంటే ఎట్ల తగిలిందో!" అని కాశయ్య కూడా నోరు తెరిచాడు.

నువ్వు జానెడు చాలన్నావు, ఇక్కడ మూరెడుంది. మరి ఎందుకు తగిలినట్టు? పంకా కోయడం మాత్రం ఆపగలిగాను. తాటివనం మాట నా మాటలాగే అన్నాను. ఆయన కాసేపు నా ముఖం చూసి, "నీకెట్ల తోచింది గీ మాట?" అన్నాడు. పిల్లలకు పాఠాలు చెప్పీ చెప్పీ తోచిందన్నాను. దేవుడు క్షమించాలి.

చెలక ఇచ్చిన బుచ్చిరాములు రోజూ ఆకాశం చూస్తున్నాడు. మృగశిర కార్తె రాగానే నాగలి కడతాడట. అంతవరకే జాగ మాది.

అక్క,
సుమిత్రమ్మ


బెంగుళూరు,
4 మే 1946

అక్కా,

నీ ఉత్తరం చదివి గుండెల మీది బరువు దిగింది. మూరెడు అంటే చాలా ఎక్కువ. మా కార్ఖానాలో కొన్ని విమానాలకు అంత ఉండదు. బావ పనితనాన్ని నేను తక్కువ అంచనా వేశాను, ఆ మాట ఆయనతో అనలేవు కాబట్టి నీతో అంటున్నాను.

ఇక తప్పు విమానానిది కాదు, చెలకది. బుచ్చిరాములు చేత గుంటుక తోలించి, పెల్లలు పగలగొట్టి, గుంతలు పూడ్పించండి. నేల చదునైతే నిశ్చింతగా ఉరికించవచ్చు. నా మాట మీద ఉండు.

ఎగరడం గురించి పోయిన ఉత్తరంలో రాసింది కొంచెం కటువుగా ఉన్నట్టుంది. నాకు ఆయన మీద కోపం లేదక్కా. కార్ఖానా నన్ను ఉంచుకోవడం, వర్కుషాపు ఆయన లాంటి మనిషిని వద్దనుకోవడం నాకూ సిగ్గుగానే ఉంటుంది. తిండి బాగానే తింటున్నాను.

నీ జకర్యా


సిద్దిపేట,
13 మే 1946

జకర్యా,

దీవెనలు మొదట రాయాలి, రాయలేకుండా ఉన్నాను. నీ మాట మీద ఉండమన్నావు, ఉన్నాను. మీ బావ కనుబొమ్మ మీద దవాఖానలో కుట్లు వేశారు.

చెప్పినట్టే చేశాం. బుచ్చిరాములు ఎద్దులు కట్టి గుంటుక తోలాడు. చెలక నా బడి వాకిలిలాగా అయింది. మొన్న శనివారం పొద్దున ఉరికించాడు. ఊరు ఊరంతా గట్ల మీద నిలబడింది. విమానం జోరందుకుంది, తోక లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను జకర్యా, అదే నా బాధ. చప్పట్లు ఆగకముందే పటపటమని చప్పుడు, దుమ్ము. పంకా ముక్కలు ముక్కలయింది. ఒక చెక్క ముఖానికి తగిలి కనుబొమ్మ చీల్చుకుంటూ పోయింది. వేలెడు కిందికి తగిలి ఉంటే కన్ను పోయేది, ఇంకా లోతుకు దిగితే ఏమయ్యేదో నేను రాయను.

ఆయన రక్తం తుడుచుకుంటూ, "చక్రం ఎలుక బొక్కల పడ్డది" అంటాడు. నేను నేలంతా వెతికాను. అక్కడ ఎలుక బొక్క లేదు. అది చెప్పినా వినలేదు. కాశయ్య మరో పంకా మొదలుపెట్టాడు, ఈ నెలాఖరుకు అవుతుందట.

నిన్ను నమ్మి ఆయనకు తెలియకుండా రాస్తున్నాను. నీకు నిజంగా తెలుసా, లేక అక్కను ఊరడించడానికి రాస్తున్నావా? తెలియకపోతే తెలియదని రాయి, నేను వేరే దారి చూసుకుంటాను.

సుమిత్రమ్మ


బెంగుళూరు,
18 మే 1946

అక్కా,

నీ ఉత్తరంలో 'తోక లేచింది' అన్న మాట దగ్గర నాకు అసలు సంగతి తెలిసింది. తప్పు నాది. కొలవమన్నాను కానీ ఎలా కొలవాలో రాయలేదు. నీకు తెలిసి ఉంటుందనుకున్నాను, నీకెందుకు తెలుస్తుంది? ఇప్పుడే తపాలా ఆఫీసుకు ఉరికి టెలిగ్రాం ఇచ్చి వచ్చాను. తొందరలో కాశయ్య పేరు బదులు బావ పేరే రాశాను. ఏమనుకున్నా అనుకోనీ, ముందు ప్రాణం దక్కాలి.

నువ్వు కొలిచినప్పుడు తోక నేల మీద ఉంది, అంటే ముక్కు పైకి ఉంది. ఉరికేటప్పుడు తోక లేస్తుంది, ముక్కు దిగుతుంది, పంకా కూడా దానితో దిగుతుంది. కాశయ్యకు బండి మాట చెప్పు. కాడి దించి పెట్టిన బండికి వెనుక తట్టు కింద ఎంత జాగ ఉంటుంది? కాడి ఎత్తి ఎద్దుల మెడ మీద పెట్టగానే అది ఎంత కిందికి వస్తుంది? మీరిద్దరూ కాడి దించిన బండిని కొలిచారు. పైగా లోపల మనిషి లేడు. మనిషి కూర్చుంటే కాళ్ళకు కట్టిన రబ్బరు తాళ్ళు సాగి, కడుపు ఇంకా కిందికి దిగుతుంది. మూరెడులో ఏమీ మిగలదు.

తోకను నడుము పైకి ఎత్తి పట్టి, లోపల మనిషిని కూర్చోబెట్టి, అప్పుడు కొలవాలి. జానెడు రాకపోతే కాళ్ళు పొడుగు చేయాలి. కాళ్ళు పొడుగైతే ముక్కు మీద బోర్లా పడే గుణం వస్తుంది, అందుకని చక్రాలను బెత్తెడు ముందుకు జరపాలి. ఇది మరవద్దు. పని అయ్యేదాకా ఇంజను ముట్టవద్దు.

తమ్ముడిని తిట్టు, కానీ జవాబు రాయి.

జకర్యా


సిద్దిపేట,
21 మే 1946

జకర్యాకు,

నీ టెలిగ్రాం చేసిన పని విను.

మాకు టెలిగ్రాం రావడం ఇదే మొదలు. జవాను మా ఇల్లు ఎక్కడని అడగడంతోనే మా వాడకట్టంతా కదిలింది. కాగితం విప్పకముందే కనకవ్వ "అయ్యో కొడుకా జకర్యా!" అని గుండెలు బాదుకుంది. ఆమె వెనకే ఇంకో పదిమంది. నేను గడప మీద కూలబడ్డాను. మీ బావ విప్పి, ఇంగ్లీషు ముందు లోపల చదువుకుని, తర్వాత అందరి ముందు తెలుగులో చదివాడు: 'నడపవద్దు. తోక ఎత్తి, మనిషిని కూర్చోబెట్టి కొలవండి. అక్క కొలత తప్పు.'

ఏడుస్తున్న వాళ్ళు ఏడుపు ఆపి నా దిక్కు చూశారు. బుచ్చిరాములు "పోయిందెవ్వరూ లేరన్నట్టేనా?" అని రెండుసార్లు అడిగాడు. నువ్వు బతికే ఉన్నావని నేను సంతోషించేలోపే మీ బావ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "నా ఇంటి గుట్టు బెంగుళూరు దాక పోయిందన్నమాట. ఊరందరి ముందట నా బామ్మర్ది నాకు కొలతలు నేర్పుతుండు" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

అప్పటినుంచి నాతో మాట లేదు. అన్నం పెడితే తింటాడు, లేస్తాడు, కొట్టంలోకి పోతాడు. 'అక్క కొలత తప్పు' అంటే ఏమిటో, ఎక్కడ తప్పిందో నాకింకా తెలియదు. అడగడానికి కూడా మొహం లేదు. నీకు రాయవద్దని ఒకే ఒక మాట అన్నాడు. ఇంత జరిగాక ఆ మాటైనా నిలబెట్టాలి. ఈ ఉత్తరం తర్వాత నా నుంచి రాకపోతే ఏమీ అనుకోకు.

అక్క


బెంగుళూరు,
27 మే 1946

అక్కా,

రాయనని రాశావు. సరే. నేను రాస్తాను.

నా ఉత్తరం ఈపాటికి నీకు చేరే ఉంటుంది. అందులో అన్నీ ఉన్నాయి. సెలవు అడిగాను, ఇవ్వలేదు. ఇక్కడ కూర్చుని పొద్దున లేస్తే ఆ చెలక, రాత్రి పడుకుంటే ఆ చెలక.

కోపంతో ఒక మాట అంటాను. నువ్వు నిజంగా ఆపాలనుకుంటే ఎప్పుడో ఆపేదానివి. పెండ్లి చీరె చింపి తోకకు కట్టావు, గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టావు. ఇప్పుడు మాట నిలబెట్టుకుంటానని నోరు కట్టుకున్నావు. రేపు ఆయనకేమైనా అయితే నీ మాట నిలబడి ఏం లాభం? బావ ఒక్కడే ఎగరడం లేదు, నువ్వే ఎగరేస్తున్నావు.

రాసినదానికి బాధపడితే పడు. బతికుంటే సర్దుకుంటాం.

జకర్యా


సిద్దిపేట,
31 మే 1946

తమ్ముడు జకర్యాకు,

నీ కోపపు ఉత్తరం ఈ రోజే అందింది. చదివి ఏడ్చాను, తర్వాత నవ్వొచ్చింది. అది ఇక్కడికి వచ్చేసరికే జరగవలసింది జరిగిపోయింది. నువ్వు భయపడినట్టు కాదు, ముందే చెబుతున్నాను. ఇక నెమ్మదిగా చదువు.

టెలిగ్రాం వెనక వచ్చిన నీ పొడుగాటి ఉత్తరాన్ని నాలుగైదు సార్లు చదివి అర్థం చేసుకున్నాను. కాడి దించిన బండి అన్న మాట కాశయ్యకు చెప్పగానే నెత్తి కొట్టుకున్నాడు. "నలభై ఏండ్ల సంది బండ్లు జేస్తున్న, నాకు తోచకపాయె గదా!" అన్నాడు. మీ బావకు చదివి వినిపించబోతే కంచం ముందు నుంచి లేచిపోయాడు. కాశయ్య చెబితే, "ఆరేండ్లు ఆ మిషిన్ల కింద పండుకున్నోన్ని. నాకు చెప్పకు" అన్నాడట.

బుధవారం కొత్త పంకా బిగించారు. దక్షిణాన మబ్బులు కనిపిస్తున్నాయి. మరునాడే ఉరికించి, బాగుంటే ఎగిరేస్తానన్నాడు. కాశయ్య ఒప్పుకోలేదు. మరునాడు అమాస. వడ్లవాళ్ళు అమాస నాడు పని ముట్టరు.

"నీ ఉలి నాకెందుకు? ఎప్పటి లెక్క తోక ఎత్తు, సాలు" అన్నాడు మీ బావ.

"తోక ఎత్తుడు గూడ పనే సారూ. అమాస నాడు నా చెయ్యి దాని మీద పడది."

కాశయ్య నిజంగా అమాస కోసమే అన్నాడో, ఒక్క రోజైనా ఆపుదామని అన్నాడో నాకు తెలియదు. మీ బావ మాత్రం ఆగే మనిషి కాదు. నిన్న పొద్దున ఆయన స్నానానికి పోగానే నేను కొట్టంలోకి పోయాను. ఏం చేయాలో అనుకుని పోలేదు. కొంగు నడుముకు దోపి, రెక్క మొదట్లో కాలు పెట్టి, ఎక్కి ఆ సీట్లో కూర్చున్నాను. నీ అక్కకు నలభై దగ్గర పడ్డాయి, ఆ దృశ్యం నువ్వే ఊహించుకో.

ఆయన వచ్చి చూశాడు. పదిరోజుల తర్వాత మొదటి మాట:

"దిగు."

"దిగ."

"ఇదేమన్న ఆటబొమ్మనా సుమిత్రా?"

"కాదు. అందుకే దిగ. నేనుండంగ మీరు ఎట్ల ఎక్కుతరో ఎక్కున్రి."

చేయి పట్టి లాగే మనిషి కాదు ఆయన, అది నీకూ తెలుసు. విమానం చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత, "అయితె నీతోటే చెలకకు గుంజుకపోత. ఊరంత చూడనియ్యి" అని తోక దగ్గరికి పోయాడు. చెలకకు తీసుకుపోయేటప్పుడు ఎప్పుడూ తోక ఎత్తేది కాశయ్య, ముందు నిలబడి దారి చూసేది మీ బావ. నిన్న కాశయ్య లేడు. ఆయనే వంగి, రెండు చేతులా ఎత్తి, తోకను భుజాన వేసుకున్నాడు.

నా ముందు నేల పైకి లేచి వస్తున్నట్టనిపించింది. అంచులు గట్టిగా పట్టుకున్నాను. గరగరమని ఒక చప్పుడు. పంకా కొన మట్టిలోకి దిగి గీసుకుంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆయనకేమైనా అయిందేమోనని వెనక్కి తిరగబోయాను.

"కదులకు. అట్లనే కూసో." ఆ గొంతు వేరే.

తోకను భుజం మీద మోస్తూనే వంగి విమానం కడుపు కింది నుంచి ముందుకు చూస్తున్నాడు. నెమ్మదిగా దించాడు. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ అదే గరగర. ఈసారి నడుము పైదాకే ఎత్తి, కింద రాయి పేర్చి నిలిపి, పంకా దగ్గరికి వచ్చి నేల మీద పడుకుని వేళ్ళు పెట్టి చూశాడు. రెండు వేళ్ళ జాగ.

"నువ్వు నాకంటె తక్కువ బరువు" అన్నాడు. నేను పైన, ఆయన కింద మట్టిలో. చివరికి, "నేను లోపల కూసున్నప్పుడు కింద చూసినోడు లేడు. నేను కింద చూసినప్పుడు లోపల కూసున్నోడు లేడు" అన్నాడు. నాకు అప్పటిదాకా ఉన్న ధైర్యమంతా అప్పుడు జారిపోయింది. బోరున ఏడ్చాను. ఆ మనిషి ఆ రెండు వేళ్ళ జాగ మీద రెండుసార్లు ఉరికాడు జకర్యా, మూడోసారి నిన్ననే ఉరికేవాడు.

దించి, నీళ్ళిచ్చి, "ఆ ఉత్తరం ఇయ్యి" అన్నాడు. చదివాడు. బెత్తెడు ముందుకు జరపమన్న దగ్గర గోటితో గీత పెట్టాడు. ఈ రోజు పొద్దున్నుంచే కాశయ్య తుమ్మదూలం కోస్తున్నాడు. మృగశిరకు ఇంక వారమే ఉంది. బుచ్చిరాములు ఆగనంటున్నాడు. ఆయన విత్తనాలు ఆయనవి, తప్పు పట్టను.

నువ్వు రాసిందాంట్లో ఒక మాట నిజం. చప్పట్లు కొట్టాను, చీరె ఇచ్చాను. ఆయన్ని ఆపడం నాకెప్పుడూ ఇష్టం లేదు. ఆయన ఎగరాలి, తిరిగి రావాలి. రెండూ కావాలి నాకు. పేరాశే అనుకో.

నీ అక్క,
సుమిత్రమ్మ


బెంగుళూరు,
4 జూన్ 1946

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఖాతాలో నిలబడే చదివాను. మేస్త్రీ ఏమైందని అడిగితే మా అక్క విమానం ఎక్కిందని చెప్పాను.

ఆ కోపపు ఉత్తరం చింపేయి.

బావకు నా వందనాలు చెప్పి ఈ రెండు మాటలు వినిపించు. కొత్త కాళ్ళు వేశాక కూడా లోపల మనిషిని కూర్చోబెట్టి, తోక ఎత్తి మళ్ళీ కొలవాలి. నిలబెట్టి కొలిచింది ఒకటి, ఉరికేటప్పుడు ఉండేది ఒకటి. ఉరికేటప్పుడు పక్క నుంచి ఒకరు నేలకు ఆనుకుని పంకా కింద చూడాలి. లోపలున్న మనిషికి అది కనిపించదు. జాగ కనిపించకపోతే చెయ్యి ఎత్తాలి, ఆయన ఆపాలి.

ఈ ఉత్తరం సమయానికి చేరుతుందో లేదో. ఎగరవద్దని ఇక అనను. చేరగానే ఒక ముక్క రాయి. ప్రమీలాదేవి పొడుగు గురించి నేను ఇక అభ్యంతరం చెప్పను, నువ్వు ముందు ఆ ముక్క రాయి.

నీ జకర్యా


సిద్దిపేట,
9 జూన్ 1946

తమ్ముడు జకర్యాకు అక్కా బావా ఇద్దరూ దీవించి రాయునది.

నీ ఉత్తరం శుక్రవారం తెల్లవారి అందింది. నిన్న మృగశిర మొదలు. అంటే మాకు చెలక మిగిలింది ఆ శుక్రవారం ఒక్కటే.

కొత్త కాళ్ళు గురువారమే బిగించారు. కనకవ్వను లోపల కూర్చోబెట్టి, అడుగున రెండు ఇసుక సంచులు వేసి, మీ బావ బరువుకు సరిచేసి కొలిచారు. తోక ఎత్తిన కాశయ్యకు ఊపిరి అందలేదు. కనకవ్వ నవ్వు ఆపుకోలేక విమానమంతా ఊగింది. నిండు జానెడు జాగ. అయినా నీ ఉత్తరం చదివి మీ బావ నా దిక్కు తిరిగి, "నువ్వే చూడాలె" అన్నాడు.

"కాశయ్య లేడా?"

"కాశయ్య పంకాను చూస్తడు. నువ్వు జాగను చూస్తవు. చెయ్యి లేపితె ఆపుత, నీ చెయ్యే చూస్తుంట."

అలా ఊరందరి ముందు, మిషను బడి పంతులమ్మ చెలక మధ్యలో బోర్లా పడుకుంది. గడ్డం మట్టికి ఆనించాను. గట్ల మీద వాళ్ళు నవ్వుతున్నారు. ఈసారి చప్పట్లు కొట్టవద్దని బుచ్చిరాములు అందరికీ చెప్పాడట. దూరంగా ఇంజను మోగింది. కుడి చెయ్యి లేపడానికి సిద్ధంగా పెట్టుకున్నాను. అది నా చెయ్యిలాగా లేదు, అంత బరువైంది. ఊరికే లేపితే ఆయన ఆపుతాడు, ఇంటికి వస్తాడు, అన్నం తింటాడు. ఆ మాట నా మనసులోకి వచ్చింది జకర్యా, రాలేదనను. లేపితే తప్పని ఎవరు చెప్పగలరు? ఆయనకు కనిపించనిది చూసేదాన్ని నేనొక్కదాన్నే.

తోక లేచింది. పంకా దిగింది. దాని కింద తాటివనం దిక్కు వెలుతురు ఒక గీతలాగా కనిపిస్తూనే ఉంది. చెయ్యి లేపలేదు.

నా ముందు నుంచి పోయింది. దుమ్ము కళ్ళ నిండా పడినా మూయలేదు. తాటిచెట్ల మీదుగా పోయి, చుట్టు తిరిగి వచ్చి, దిగేటప్పుడు రెండుసార్లు ఎగిరెగిరి పడి, బోర్లా పడకుండా నిలిచింది. నేను లేవలేక అక్కడే కూర్చుండిపోయాను. అందరూ ఆయన దిక్కు ఉరుకుతుంటే ఆయన వాళ్ళను తప్పించుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఎంతుండె?" అన్నాడు.

"మొదలు జానెడుండె" అన్నాను. "తర్వాత మూరెడైంది. తర్వాత బారెడు. ఆ తర్వాత నాకు కొలువరాలె."

ఆయన నా పక్కన ఆ మట్టిలోనే కూలబడి, ముఖం నా కొంగులో పెట్టుకుని ఏడ్చాడు.

నీ అక్క,
సుమిత్రమ్మ